రోసెందో సినిమాలో మా నాన్న పేరు

మే 6

షాపుకొచ్చినవాళ్ల మీద అరిచే బదులు ఇందులో అరుచుకో అని అమ్మ ఈ పుస్తకం కొనిచ్చింది. అట్ట మీద గుర్రప్పిల్ల బొమ్మ. నాకు ఇరవై మూడేళ్లు. గుర్రప్పిల్ల!

సరే, అరుస్తున్నాను. కరెంటు లేదు. నిన్నా లేదు. వెల్డింగు మెషిను ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. మందుల షాపావిడ గేటు సగం అతికి సగం వేలాడుతోంది. "అయిందా యురానిస్?" అంటూ వచ్చింది. "కరెంటు నీ సంచీలో ఉందా? తీసివ్వు, ఇప్పుడే అయిపోతుంది" అన్నాను. ఆవిడ నేరుగా వెళ్లి అమ్మకి చెప్పింది. అందుకే ఈ గుర్రప్పిల్ల.

మే 9

కాలం చేసిన మా ఊరి గాయకుడు రోసెందో మిందియోలా మీద సినిమా తీస్తున్నారు. అదీ మా ఊళ్లోనే, ఆయన పుట్టిన వీధిలోనే. మేయరు ఆఫీసు గోడకి కాగితం అంటించారు.

నాన్న పొద్దున్నుంచి గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు.

మే 10

నాన్న మామూలు మనిషి కాడు. అంటే మామూలు మనిషే, కానీ పాటలో ఉన్నాడు. రోసెందో ఇంకా పెద్ద గాయకుడు కాని రోజుల్లో ఆయన్నీ, అకార్డియన్ వాయించేవాణ్ణీ, డప్పులవాణ్ణీ నాన్న తన జీపులో ఎక్కించుకుని కొండదారుల్లో ఊరూరి జాతరలకీ తిప్పాడు. ఆ తర్వాత రోసెందో ఒక పాట రికార్డు చేశాడు. రెండో చరణం అయిపోయి అకార్డియన్ మలుపు తిరిగే చోట, పాట మధ్యలో, గొంతెత్తి ఒక కేక వేశాడు: "ఓయ్ ఎలీసెర్ దాసా! బ్రేకు తొక్కడం ఎరగనోడా!"

అంతే. ఒక్క ఊపిరి. ఆ ఊపిరి మీద నాన్న ముప్పయ్యేళ్లకి పైగా బతికేశాడు. పట్నంలో, అదే వాయెదుపార్‌లో, పోలీసు ఆపి లైసెన్సు చూసి, "ఆ ఎలీసెర్ దాసా నువ్వేనా?" అని సలాం కొట్టి పంపేస్తాడు. అరువు ఇవ్వని కొట్టువాడు కూడా కుర్చీ వేస్తాడు. అమ్మ కూడా అలాగే పడింది. "మనిషిని చూడకముందే పాటలో పేరు విన్నానే. మనిషిని చూసేసరికి ఆలస్యమైపోయింది" అంటుంది.

రోజూ భోజనం అయ్యాక నాన్న ఆ రికార్డు పెడతాడు. ఆ చోటు రాగానే సౌండు పెంచి చెయ్యి పైకెత్తుతాడు. ఎదురింటి కుక్క కూడా లేచి నిలబడుతుంది. నేను చిన్నప్పుడు అది జాతీయగీతం అనుకున్నాను.

మే 20

వచ్చారు. కచాకోలు, అంటే రాజధానివాళ్లు. ఆ చలి కొండల నుంచి చొక్కా మీద చొక్కా వేసుకుని దిగారు. సాయంత్రానికల్లా ముక్కులు ఎర్రబడి పొట్టు రాలుతోంది. వాళ్లకి పాత జీపు ఒకటి నిలబెట్టాలి, జాతర వేదిక ఒకటి కట్టాలి. వెల్డరు కావాలన్నారు. వెళ్లాను.

"మీరా? ఆడపిల్ల వెల్డింగు చేస్తుందా?" అన్నాడు దర్శకుడు మౌరీసియో.

"లేదండీ, అల్లికలే చేస్తాను. కాకపోతే ఇనుంతో" అన్నాను.

నవ్వి పని ఇచ్చాడు. నవ్వకపోయినా ఇచ్చేవాడే. ఊళ్లో ఇంకో వెల్డరు లేడు.

మే 26

సౌండు రికార్డు చేసేవాడి పేరు లిసాంద్రో. పొడుగాటి కర్రకి బొచ్చుకుక్క లాంటి మైకు ఒకటి తగిలించుకుని తిరుగుతాడు. ఎండకి చెవులు రెండూ టమాటాల్లా అయ్యాయి. నేను చూడలేదు. కనిపించాయి.

జీపు కింద పడుకుని పని చేస్తుంటే పక్కన చతికిలబడి అడిగాడు: "ఒక సందేహం. ఇక్కడి పాటల్లో మధ్యమధ్యలో మనుషుల పేర్లు ఎందుకు అరుస్తారు?"

"మీ దగ్గర అరవరా?"

"లేదు."

"మరి స్నేహితుణ్ణి ఎలా పలకరిస్తారు?"

"ఫోన్ చేస్తాం."

ఈ దేశం ఎందుకిలా ఉందో నాకు అప్పుడర్థమైంది. పాపం అనిపించి చెప్పాను. గాయకుడు పాటలో నీ పేరు పిలిచాడంటే నువ్వు ఇక చావవు, బస్సుల్లో, పెళ్లిళ్లలో, సారా కొట్లో నిన్ను పిలుస్తూనే ఉంటారు అని. అందులో మా నాన్న ఉన్నాడనీ చెప్పాను. చెవులవాడు కర్ర కింద పెట్టాడు. "మీ నాన్నగారిని కలవచ్చా?" అన్నాడు.

మా నాన్నని కలవడానికి వచ్చినవాడు అమ్మ టిఫిను బండి దగ్గర గుడ్డు అరేపాలు, అదే గుడ్డు కూరి వేయించిన మొక్కజొన్న రొట్టెలు, నాలుగు తిన్నాడు. "నాలుగు తినే ఆకలి అరేపాది కాదే" అంది అమ్మ. అమ్మకి వేరే పని లేదు.

జూన్ 2

వేదిక మీద స్పీకర్లు పెట్టి సినిమా కోసం కొత్తగా రికార్డు చేసిన పాటలు వినిపించారు. హీరో టీవీ సీరియళ్ల కుర్రాడు, పాడలేడు, వేరేవాడు పాడాడు. గొంతు బానే ఉంది. మన పాట వచ్చింది. రెండో చరణం అయింది. అకార్డియన్ మలుపు తిరిగింది. నేను మొహం మీది వెల్డింగు ముసుగు పైకెత్తి నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఓయ్ హోమేరో ఓర్కాసితా! పెద్ద మనసున్నోడా!"

డోన్ హోమేరో. పశువుల ఆసామి, ఊరంతా గౌరవంగా డోన్ అంటారు. ఈ సినిమాకి సగం డబ్బు పెట్టింది ఆయనే.

పెద్ద మనసు! ఆయన మనసు ఎంతో ఆయన ఆవులకి తెలుసు, ఎండాకాలంలో పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

జూన్ 3

నాన్నకి చెప్పలేదు.

జూన్ 4

అమ్మకీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెవులవాడికి తెలుసు, వాడే రికార్డు మీట నొక్కాడు. "నేను సౌండు రికార్డు చేసేవాణ్ణి యురానిస్, పేర్లు పెట్టేవాణ్ణి కాదు" అన్నాడు. నాలుగు అరేపాలు తిని.

జూన్ 5

మౌరీసియోని పట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని నీళ్లలో నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

"ఆ పేరు తీసెయ్యండి."

"ఏ పేరు?"

"మీరు పెట్టిన పేరు. మా నాన్న పేరు ఉండాల్సిన చోట."

ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదట్నుంచీ అనుమానం. సినిమా అంటే నిజం కాదు, నిజం లోపలి నిజం అన్నాడు. చూసే జనానికి ఎలీసెర్ దాసా అయినా ఇంకొకరైనా తేడా తెలియదు అన్నాడు.

"తేడా తెలియనప్పుడు మా నాన్నదే ఉంచండి" అన్నాను.

నిమ్మకాయ ఇంకోసారి పిండాడు. రసం రాలేదు.

జూన్ 8

డోన్ హోమేరో ఇంటికి వెళ్లాను. వంకర మాటలు మాట్లాడతాడని గొడవకి తయారయ్యే వెళ్లాను. ఆయన వాకిట్లో ఉయ్యాల మంచంలో పడుకుని ఉన్నాడు. కాఫీ పోయించాడు. తాగలేదు. తర్వాత తాగాను, చల్లారిపోతుందని.

"మీ నాన్న ముప్పయ్యేళ్లు వాడుకున్నాడుగా పిల్లా. ఇప్పుడు నా వంతు" అన్నాడు.

"అది బస్సులో సీటా, వంతులేసుకోడానికి?"

"రోసెందో మా ఇంటికొచ్చినప్పుడల్లా దూడని కోయించేవాణ్ణి. ఎన్ని దూడలో! తిన్నాడు, తాగాడు, తెల్లారేదాకా పాడాడు, నన్ను కౌగిలించుకున్నాడు. రికార్డు వచ్చిందంటే పరుగెత్తి కొనేవాణ్ణి. పాటల్లో మంగలిని పిలిచాడు, పళ్ల డాక్టర్ని పిలిచాడు, మీ నాన్నని పిలిచాడు. నన్ను పిలవలేదు. ఒక్కసారి పిలవలేదే."

ముసలాడు మొహం అటు తిప్పుకున్నాడు. నాకు జాలి వేయలేదు.

"పిలిపించుకున్నది పలకరింపు కాదు డోన్ హోమేరో" అన్నాను. "ఆ పాడినోడికి మీరెవరో కూడా తెలీదు."

"తెలీదు. కానీ చెయ్యి పైకెత్తి పిలుస్తాడుగా" అన్నాడు.

మళ్లీ రాస్తున్నాను: జాలి వేయలేదు.

జూన్ 10

ఊరికి ఏదో అయింది. నేను వెళ్తే మంగలి రేడియో కట్టేస్తాడు. మందుల షాపావిడ నన్ను చూసి నవ్వింది, గేటు ఇంకా ఇవ్వకపోయినా. నా మొహం చూసి భయపడుతున్నారు కాబోలు. మంచిదే.

జూన్ 12

నాన్న చొక్కా ఇస్త్రీ చేశాడు. జాతర సీనులో ఊరంతా జనంగా నిలబడాలి, నాన్నని ముందు వరసలో పెట్టారు. తెల్ల చొక్కా, టోపీ. అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఎలా ఉన్నానే?"

"పెళ్లికొడుకులా ఉన్నావ్."

"పెళ్లికొడుకుగా ఇంత బాగాలేడు. నేను చూశానుగా" అంది అమ్మ.

భోజనం తర్వాత రికార్డు పెట్టాడు. ఆ చోటు వచ్చే ముందు లేచి నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లాడు. నిన్న కూడా సరిగ్గా అప్పుడే దాహం వేసింది ఆయనకి. ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి.

జూన్ 14

పని మానేశాను. వేదిక సగంలో వదిలేసి వచ్చాను. నా చేతులతో కట్టిన ఇనుం మీద నిలబడి వేరేవాడి పేరు పిలుస్తారా? పిలవరు.

జూన్ 15

మళ్లీ వెళ్లాను. పక్క ఊరి నుంచి ఒకణ్ణి తెచ్చారు, వాడి అతుకులు ఉమ్మితో వేసినట్టున్నాయి. వేదిక కూలితే అకార్డియన్‌వాడి తల పగులుతుంది. ఆ అకార్డియన్‌వాడు ఏ పాపమూ ఎరగడు. అందుకే వెళ్లాను. వేరే ఏ కారణమూ లేదు.

చెవులవాడు నాకోసం చెరుకురసం పట్టుకొచ్చాడు. వద్దన్నాను. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. జాలేసి తాగాను.

జూన్ 19

ఒకటి గుర్తొచ్చింది! ఇన్నాళ్లూ ఎలా తట్టలేదో. ఎల్లుండి జాతర సీను. ఊరంతా వేదిక ముందు ఉంటుంది. ఆ చోటు వస్తే ఈ ఊళ్లో మాటలు రాని పిల్లలు కూడా అరుస్తారు. ఆపుకోలేరు, అది తుమ్ము లాంటిది. స్పీకర్లో హోమేరో అననీ, వందల గొంతులు ఎలీసెర్ దాసా అంటాయి. ఎన్నిసార్లు తీసినా అంతే. చచ్చినట్టు పాత పేరు పెట్టుకోవాలి.

ఎవరికీ చెప్పక్కర్లేదు. నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఈ రాత్రి నిద్రపడుతుంది.

జూన్ 21

నోళ్లు తెరుచుకోలేదు.

జూన్ 22

నిన్న ఇంకేం రాయలేకపోయాను.

మధ్యాహ్నం వరకూ సర్దారు. మౌరీసియో మైకులో చెప్పాడు: పాట మధ్యలో ఎవరూ అరవకూడదు, సీను అయ్యాక మేకమాంసం, బియ్యం, కర్రపెండలం దుంప అందరికీ. నేను వేదిక వెనక ఇనుప స్తంభం పట్టుకుని నవ్వుకుంటున్నాను. చెప్పుకో నాయనా అనుకుంటున్నాను.

పాట మొదలైంది. సీరియళ్ల కుర్రాడు పెదాలు కదిపాడు. రెండో చరణం. అకార్డియన్. జనం ఛాతీలు ఒక్కసారి పొంగడం నేను కళ్లారా చూశాను. మంగలి బుగ్గలు ఉబ్బాయి. మందుల షాపావిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మ పైకి చూసింది. "ఓయ్ హోమేరో ఓర్కాసితా!" అంది స్పీకరు, ఊరంతా కిక్కురుమనలేదు. ముందు వరసలో నాన్న, ఇస్త్రీ చొక్కాలో, డోన్ హోమేరో ఉన్న వైపు తిరిగి టోపీ ఎత్తాడు.

నవ్వుతూ ఎత్తాడు.

ఇంటికొచ్చాక పళ్లెం విసిరాను. రేకు పళ్లెం, పగల్లేదు.

"మేకమాంసానికి అమ్ముడుపోయారా అందరూ?"

"మాంసం బాలేదు, ఉప్పెక్కువైంది" అంది అమ్మ.

"నాన్నా, నీ పేరు తీసేశారు! నేను ఇన్నాళ్లూ నీకు చెప్పలేక చస్తున్నాను, నువ్వేమో టోపీ ఎత్తుతావా?"

నాన్న, అమ్మ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"మాకు మే నెల్లోనే తెలుసే" అన్నాడు నాన్న. "హోమేరోనే వచ్చి అడిగాడు, పెట్టించుకోనా అని. పెట్టించుకో అన్నాను."

"ఊరందరికీ తెలుసు. నీకే తెలీదనుకున్నాం" అంది అమ్మ. "చెబితే ఆ మెషినేసుకుని పోయి ఎవర్ని అతికించేస్తావోనని, నీకు చెప్పొద్దని అందరికీ నేనే చెప్పాను. మంగలి నీకు భయపడే రేడియో పెట్టుకోడం మానేశాడు."

అంటే నేను ఊరి దగ్గర దాస్తున్నాను, ఊరు నా దగ్గర దాస్తోంది. ఒకే సంగతి.

కుర్చీలో కూలబడ్డాను. "ఎందుకు ఒప్పుకున్నావ్?" అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

నాన్న టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని అంచు సరిచేశాడు. "డబ్బు పెట్టేవాడు హోమేరో ఒక్కడే. వాడు వద్దంటే సినిమా లేదు. రోసెందో మీద ఇంకెవరు తీస్తారే? చిన్న పిల్లలకి వాడి పేరే తెలీడం లేదు. వాడి ప్రయాణం నావల్ల ఏనాడూ ఆగలేదు. వాన పడ్డా ఆగలేదు, వంతెన కొట్టుకుపోయినా ఆగలేదు. ఇప్పుడు ఆపమంటావా, నా పేరు కోసం?"

నాకు ఒకటే తోచింది.

"మరి ఆ చోటొస్తే లేచి నీళ్లెందుకు తాగుతున్నావ్?"

ఎదురింటి కుక్క ఒకసారి మొరిగింది.

"ఎండగా ఉంది" అన్నాడు.

జూన్ 23

వాన పడింది. రోజంతా. అయినా ఆ చోటు రాగానే నాన్న నీళ్లు తాగాడు.

జూన్ 30

కచాకోలు వెళ్లిపోయారు. లిసాంద్రో చెయ్యి చాపితే షేక్‌హ్యాండ్ ఇచ్చాను, మసి చేత్తోనే. కడుక్కోలేదట, మధ్యాహ్నం దాకా అలాగే తిరిగాడని అమ్మ అంది. శుభ్రం లేని మనుషులు.

అక్టోబరు 11

నాన్న రికార్డు పెట్టడం మానేశాడు. సూది పోయిందంటాడు. ఆయన లేనప్పుడు తీసి చూశాను. సూది బానే ఉంది.

సాయంత్రం "చూశావా, పోయిందా?" అని అడిగాడు.

"పోయింది నాన్నా, పూర్తిగా అరిగిపోయింది" అన్నాను.

అక్టోబరు 12

నాకు ఏం కోపంగా లేదు.

అక్టోబరు 13

మందుల షాపు గేటు రెండోసారి విప్పి అతికాను. మొదటిసారి బానే ఉంది. ఊరికే.

ఫిబ్రవరి 20

సినిమా వస్తోంది. మొదటి ఆట మా ఊరి కూడలిలో, తెర కట్టి. డోన్ హోమేరో ఖర్చు. తెర నిలబెట్టడానికి ఇనుప చట్రం కావాలని నన్నే అడిగారు. చేయనన్నాను. మర్నాడు మొదలుపెట్టాను. గాలికి కూలితే ముందు వరసలో కూర్చునేది మా నాన్నే.

ఫిబ్రవరి 26

లిసాంద్రో వచ్చాడు. సినిమా చూడ్డానికట. వాడు పనిచేసిన సినిమా, వాడికి రాజధానిలో చూపించరా? బస్సులో వచ్చాడు, బొచ్చుకుక్క కర్రతో సహా. అమ్మ బండి దగ్గరికి వెళ్లి, మూడు అరేపాలు తిన్నాడు. ఒకటి తగ్గింది. ఎందుకో అని కాసేపు ఆలోచించాను. కాసేపే.

మార్చి 2, సోమవారం

నిన్న సినిమా వేశారు.

నేను ముందే ఒకటి నిర్ణయించుకున్నాను. ఆ పాట మొదలవగానే లేచి, చట్రం బోల్టులు చూసే నెపంతో తెర వెనక్కి వెళ్లిపోవాలి. నాన్న పక్కనే కూర్చున్నాను. నాన్న నీళ్ల సీసా తెచ్చుకున్నాడు. దాన్ని చూశాక ఎక్కడికీ వెళ్లబుద్ధి కాలేదు.

డోన్ హోమేరో తెల్ల బట్టల్లో, ముందు వరస మధ్యలో. ఆయన మనవలు, కోడళ్లు, ఎక్కడెక్కడి బంధువులూ చుట్టూరా. సినిమా సంగతి: హీరో రోసెందో కంటే అందగాడు, రోసెందో ఎన్నడూ ఎక్కని గుర్రం ఎక్కాడు, జీపు మాత్రం అద్భుతం.

పాట వచ్చింది. తెర మీద మేమంతా ఉన్నాం, నోళ్లు మూసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని. తెర ముందు కూడా మేమే. రెండో చరణం. అకార్డియన్ మలుపు తిరిగింది. నాన్న సీసా మూత తిప్పాడు.

అప్పుడు వెనక నుంచి, నూనె మూకుడు దగ్గర నుంచి, అమ్మ గొంతు.

"ఎలీసెర్ దాసా!"

అంతే, కూడలి పేలిపోయింది. ఇన్ని నెలలు బుగ్గల్లో దాచుకున్నదంతా బయటికొచ్చింది. ఎలీసెర్ దాసా, బ్రేకు తొక్కడం ఎరగనోడా! మంగలి కుర్చీ ఎక్కి అరిచాడు. స్పీకర్లో ఎవరి పేరు పిలిచారో దేవుడికి కూడా వినపడి ఉండదు.

డోన్ హోమేరో లేచాడు. "వెనక్కి తిప్పి మళ్లీ వెయ్యండి! వినపడలేదు!" అన్నాడు. మళ్లీ వేశారు. మళ్లీ అదే. మూడోసారి వేసేటప్పుడు తన చేతికర్ర పైకెత్తి, "ఈసారి ఎవరైనా నోరెత్తారో!" అన్నాడు. ఊరు బుద్ధిగా తలాడించింది. ఆ చోటు రాగానే ఎవరి పేరు వాళ్లు అరిచారు. మందుల షాపావిడ తన పేరూ, షాపు వేళలూ కూడా చెప్పింది. ఆ గోలలో డోన్ హోమేరో ఏడుస్తాడేమో అనుకున్నాను. ఒక్క క్షణం అలాగే కనిపించాడు. అంతలో నాన్న లేచి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "అరిచెయ్ రా హోమేరో. ఎవడో పిలవాలని ఎంతకాలం కూర్చుంటావ్?" అన్నాడు. ముసలాడు టోపీ తీసి, ఆకాశంకేసి, తన పేరు తానే అరిచాడు, రెండుసార్లు. జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు, నేను కొట్టలేదు. కొంచెం కొట్టాను.

నాన్న సీసా మూత మళ్లీ బిగించేశాడు. ఒక్క చుక్క తాగలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగి చెయ్యి పైకెత్తి, రోసెందో గొంతు కాదు, తన పగిలిన గొంతుతోనే, వీధంతా వినేలా:

"ఓయ్ యురానిస్ దాసా! చల్లారడం ఎరగనిదానా!"

అందరూ నావైపు చూశారు. లిసాంద్రో కర్ర కూడా నా వైపే తిరిగి ఉంది, దాని చివర ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే రికార్డవుతోంది.

నేనేం అరవలేదు. జనం మధ్యలో పేర్లు పెట్టి అరవడం నాకు అలవాటు లేదు.

పొద్దున లేస్తే గొంతు బొత్తిగా రాలేదు. అమ్మ తేనె, నిమ్మరసం ఇచ్చి నవ్వుతూ చూస్తోంది. వెల్డింగు పొగ వల్లే అన్నాను. నిన్న ఆదివారం, షాపు తెరవలేదు. అయితే శనివారం పొగ.